నా పేజీ వరకు అర్థమైంది

శాసనసభలో ఒక సభ్యుడు కునుకులోంచి లేచి ఒక ప్రశ్న అడిగారు. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం ఏటా కొంటున్న పుస్తకాలు అధికారుల్లో కనీసం ఒక్కరికైనా అర్థమవుతున్నాయా అని. సమాచారం సేకరిస్తున్నామని చెప్పి మంత్రిగారు కూర్చున్నారు. సభ్యుడు మళ్ళీ కునుకులోకి జారుకున్నారు. ఆ రెండు కునుకుల మధ్య పుట్టింది మా శాఖ.

దాని పేరు గ్రంథ అవగాహన శాఖ. మాకున్నది ఒకే ఒక్క ఉత్తర్వు, అందులో ఒకే ఒక్క వాక్యం: "ప్రజాధనంతో సేకరించిన ఏ గ్రంథమైనను, అది శాఖకు సంపూర్ణముగా అవగతమైనట్లు ధ్రువీకరణ జరిగిన మీదట మాత్రమే పాఠకులకు అందుబాటులోకి తేవలెను." ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా మాకు అర్థం కాని పుస్తకాలు కాగితం మిల్లుకి వెళ్తాయి. అక్కడ వాటిని నానబెట్టి, గుజ్జు చేసి, ఆ గుజ్జుతో వచ్చిన కాగితాన్ని మా ఆఫీసుకే సరఫరా చేస్తారు. ధ్రువపత్రాలు రాసుకోవాలి కదా.

నేను ఆ శాఖలో సూపరింటెండెంటుని. పేరు పరాంకుశం.

మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఊరగాయల పుస్తకం ఒక పూటలో అర్థమైంది. కోళ్ళ పెంపకం రెండు పూటలు పట్టింది. కవిత్వం అంటే అందరూ భయపడ్డారు గాని, పంక్తులు పొట్టిగా ఉండటంతో అనుకున్న గడువు కంటే ముందే అర్థమైపోయింది. అందుకు మంత్రిగారు మాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

ఆ తర్వాత బొమ్మల పుస్తకం వచ్చింది.

*

దాని పేరు 'ముందుకు జరగండి'. కథ రాసినవాడు పైడిరాజు, బొమ్మలు వేసింది గుల్నార్. ఇద్దరిదీ విజయనగరం. ఇద్దరూ ఒకే బస్సులో కాలేజీకి వెళ్ళొచ్చేవారట. ఆ బస్సులోనే ఈ పుస్తకం మొదలైందట. కొత్తగా రాసేవాళ్ళనీ గీసేవాళ్ళనీ ప్రోత్సహించే పథకం కింద ప్రభుత్వం వాళ్ళ పుస్తకాన్ని ఎంపిక చేసింది. అచ్చయిన వెయ్యి కాపీలూ ఒక్కటి కూడా దగ్గర ఉంచుకోకుండా శాఖకు అప్పగించాలన్నది అందులో షరతు. అంత గట్టిగా ప్రోత్సహించే పథకం అది.

ఇద్దరూ కట్టలన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని విశాఖపట్నంలోని మా ఆఫీసుకి వచ్చారు. కట్టల్ని గోడౌన్లో పెట్టించి సీలు వేయించాను. నమూనా కాపీ ఒక్కటి మాత్రం డైరెక్టర్ వల్లభరావు గారి బల్ల మీదికి వెళ్ళింది.

వల్లభరావు గారు బొమ్మల మీద చూపు ఆపకుండా పుస్తకం మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ తిప్పారు. తలకిందులు చేసి కూడా చూశారు.

"మాటలేవీ?" అన్నారు.

మాటల్లేవు. ప్రతి పేజీలోనూ ఒక బస్సుంది. అదే బస్సు. నిలువునా కోసి పక్కనుంచి చూపించినట్టు, వెనక సీటు నుంచి డ్రైవరు దాకా అందరూ కనిపిస్తారు. ఒక్కో సీటూ ఒక్కో గడి. పేజీ తిప్పితే బస్సు తరువాతి స్టాపుకి వెళ్తుంది. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు చదవాలో పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు.

పైడిరాజు ముందుకొచ్చి, చేతులు కట్టుకుని విడమరిచి చెప్పాడు.

"ఏం లేదు సార్, ముందు ఓ సీట్లో కూర్చోండి. అలాగే కూర్చుని పేజీలు తిప్పీండి. ఆ సీట్లోవాళ్ళ కథ వస్తాది. ఆఖరికెళ్ళాక మళ్ళీ మొదటికొచ్చి ఇంకో సీట్లో కూర్చోండి. అప్పుడు ఇంకో కథ. అన్ని సీట్లూ అయ్యాక అసలు కథ మీకే తెలిసిపోద్ది."

వల్లభరావు గారు కళ్ళజోడు తీశారు. ప్రభుత్వోద్యోగి ఏక కాలంలో ఒక సీటులో మాత్రమే ఉండగలడని, అదనపు సీటు బాధ్యతలు అప్పగించాలంటే పైనుంచి వేరే ఉత్తర్వులు రావాలని ఆయన వివరించారు. పైడిరాజు నా వంక చూశాడు. నేను ఫ్యాను వంక చూశాను.

ఈసారి గుల్నార్ మాట్లాడింది.

"ఇంతవరకూ దీన్ని మేమిద్దరమే చదివాం సార్. మూడో మనిషి చదవాలి. అంతకంటే మాకేం అక్కర్లేదు."

మార్చి నెలాఖరులోగా అర్థం చేసుకుంటామని, కాకపోతే మిల్లు ఉండనే ఉందని డైరెక్టరు గారు ఆమెకు ధైర్యం చెప్పారు.

*

ఆఫీసు నియమావళి ప్రకారం పెద్ద దస్త్రాన్ని ఏ ఒక్కరూ ఒంటరిగా పరిశీలించకూడదు. పని ఒకరి మీదే పడకూడదని, బాధ్యత ఎవరి మీదా పడకూడదని ఆ నియమం పెట్టారు. కోళ్ళ పెంపకాన్ని అలాగే పంచుకున్నాం. గుడ్డు ఒకరికి, పొదగడం ఒకరికి, తెగుళ్ళు ఇంకొకరికి. పుస్తకంలో, కాగితానికి ఒకవైపే అచ్చయినవి, నలభై ఎనిమిది పేజీలున్నాయి. శాఖలో నలభై ఎనిమిది మంది అధికారులం ఉన్నాం. ఇంత చక్కగా కుదిరిన పుస్తకం ఇంతకు ముందు రాలేదని అందరూ సంతోషించారు.

విడదీసే పని నాకు పడింది. కింద గదిలో కాగితాలు కోసే మిషను ఉంది. పుస్తకాన్ని దాని కింద పెట్టి వీపు సరిచేస్తుంటే వెనక ఎవరో ఉన్నట్టు అనిపించింది. గుల్నార్. ఎప్పుడొచ్చిందో తెలీదు. అభ్యంతరం చెప్పలేదు. ఏడవలేదు.

"మెల్లగా సార్," అంది. "లోపల మనుషులున్నారు."

మిషనుకి మెల్లగా కోయడం రాదు.

హోదా క్రమంలో పేజీలు పంచాం. మొదటి పేజీ డైరెక్టరు గారిది. పదహారో పేజీ ఎస్టాబ్లిష్‌మెంటులో హైమవతి గారిది. పదిహేడోది నాది. ఆఖరి పేజీ అకౌంట్స్ అధికారి కామేశం గారిది. ఎవరి పేజీ వాళ్ళు అర్థం చేసుకుని ధ్రువపత్రం ఇస్తే, నలభై ఎనిమిదీ కలిపితే సంపూర్ణ అవగాహన అవుతుంది. ఇది లెక్క. లెక్కలో తప్పేమీ లేదు.

కామేశం గారు తన పేజీని సాయంత్రం లోపలే అర్థం చేసుకున్నారు. ధ్రువపత్రం రాసి, పేజీని బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, భార్యతో కాశీకి బయల్దేరారు.

మిగతావాళ్ళకి అంత సులువుగా కాలేదు.

నా సంగతే చెప్తాను. నా పేజీలో మూడో సీట్లో ఒకావిడ కాళ్ళు పైకెత్తుకుని కూర్చుని ఉంది. ఆవిడ కాళ్ళ కింద నుంచి ఒక స్టీలు క్యారేజీ జారుతోంది. మూడు గిన్నెల క్యారేజీ. బస్సు బ్రేకు వేసినట్టుంది. వెనక సీట్లో ముసలాయన వంగి చెయ్యి చాచాడు. ఆయన వేళ్ళకీ క్యారేజీ పిడికీ మధ్య బెత్తెడు దూరం ఉంది. అంతే. పేజీ అయిపోయింది.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ రెండుసార్లు పిలిచినా నాకు వినిపించలేదట. దీన్ని కుతూహలం అనకూడదు. మా భాషలో దీన్ని తదుపరి సమాచారం కోరడం అంటారు.

*

మర్నాడు డైరెక్టరు గారు నా సీటు దగ్గరికి వచ్చారు. ఆయన ఎవరి సీటు దగ్గరికీ రారు. వచ్చి, నా క్యాలెండరు బాగుందన్నారు. తరవాత గొంతు తగ్గించారు.

"పరాంకుశం గారూ, మీ పేజీలో పసుపు చీరావిడ ఉందా?"

"లేదు సార్. దిగిపోయినట్టుంది."

ఆయన ముఖం వాడిపోయింది. మొదటి పేజీలో ఆవిడ బస్సు ఎక్కుతుందట. చేతిలో క్యారేజీ పట్టుకుని, చెంగు దోపుకుని. నెల రోజులుగా తెలిసిన మనిషిలా చెప్పారు.

"క్యారేజీ పట్టుకుని దిగిందా?"

"అది నా పరిధిలోది కాదు సార్. పదహారో పేజీ ఎస్టాబ్లిష్‌మెంటులో ఉంది. మా పేజీకి క్యారేజీ ఒక్కటే వచ్చింది."

"అంటే మర్చిపోయిందన్నమాట," అని కాసేపు నిలబడి, "పాపం," అని వెళ్ళిపోయారు. పదిహేనేళ్ళ సర్వీసులో ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

ఆ వారంలో మా ఆఫీసులో ఎన్నడూ లేనంత పని జరిగింది. ఒక సెక్షన్‌వాళ్ళు మరో సెక్షన్‌కి దస్త్రం చర్చించడానికి వెళ్తున్నారు. దస్త్రం విప్పితే లోపల పేజీ ఉంటుంది. క్యాంటీన్లో టీ గ్లాసుల కింద పేజీలు చేతులు మారుతున్నాయి. పన్నెండో పేజీలో నిద్రపోతున్న కుర్రాడు తన స్టాపు దాటిపోయాడా లేదా అని ఇద్దరు డిప్యూటీ డైరెక్టర్లు మెట్ల మీద వాదించుకుని మాట్లాడుకోవడం మానేశారు.

విషయం విజిలెన్సుకి తెలిసింది. సర్క్యులర్ వచ్చింది. "కొందరు అధికారులు తమకు కేటాయించని పేజీల యందు ఆసక్తి కనబరచుచున్నట్లు శాఖ దృష్టికి వచ్చినది. ఇది క్రమశిక్షణారాహిత్యము. ఒకరి అవగాహనను మరొకరు అనుభవించుట అధికార దుర్వినియోగముగా పరిగణించబడును." ఆసక్తి రుజువైతే ఇంక్రిమెంటు ఆపేస్తారు.

దాంతో అందరూ తలుపులు వేసుకుని తమ పేజీని మాత్రమే చూడసాగారు. ఒక్క పేజీనే చూస్తే ఏం కనిపిస్తుందో అదే కనిపించింది. ధ్రువపత్రాలు రాసాగాయి. ముసలాయన దొంగ అని నేను రాశాను. హైమవతి గారు, పసుపు చీరావిడ దిగుతూ కండక్టరుకి చెయ్యి ఊపింది కాబట్టి సహాయం కోసం పిలుస్తోందని, మహిళా సంక్షేమ శాఖకు తెలియజేయాలని రాశారు. ముప్ఫై ఒకటో పేజీవారు, ఆ ఎండకి క్యారేజీలో పప్పు పాచిపోయి ఉంటుందని ఆహార కల్తీ విభాగానికి ప్రతి పంపారు.

ప్లానింగ్ అధికారి పేజీలో ఖాళీ సీటు ఉంది. సీటు కింద క్యారేజీ ఉంది. చుట్టుపక్కల మనిషి లేడు. ఆయన జాగ్రత్త గల మనిషి. 'సీటు కింద ఎవరిదో తెలియని లోహపు వస్తువు' అని రాసి, నకలు పోలీసులకి పంపారు.

*

బాంబు స్క్వాడ్ వచ్చింది. ప్లానింగ్ అధికారి బల్ల చుట్టూ ఇసుక మూటలు పేర్చారు. పేజీని పటకారుతో పట్టుకుని బకెట్లో పెట్టారు. అది బొమ్మ అని నేను ఎస్సై గారికి మనవి చేసుకున్నాను. బొమ్మ అని రాతపూర్వకంగా ఎవరైనా ధ్రువీకరించారా అని ఆయన అడిగారు. ఇంకా లేదన్నాను. అయితే అది ప్రస్తుతానికి బాంబేనన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మా శాఖలోకి రావలసిన మనిషి.

పోలీసు కుక్క వచ్చి బకెట్లోకి తొంగి చూసింది. మొరగలేదు. తల అటు వంచి, ఇటు వంచి చాలాసేపు చూసింది. దానికి ఆ పేజీ కేటాయించలేదు కాబట్టి గొలుసు పట్టి బయటికి లాక్కుపోయారు.

అసలు సంగతి బయట జరిగింది. ఆఫీసు ఖాళీ చేయించి అందర్నీ స్కూటర్ స్టాండు దగ్గర నిలబెట్టారు. పేజీలు బల్ల మీద వదిలి రాకూడదని నియమం. అందువల్ల ప్రతి ఒక్కరి చేతిలో ఒక పేజీ ఉంది. గోడలు లేవు. సెక్షన్లు లేవు. ఎండ మాత్రం ఉంది. ఎండకి తలకి అడ్డం పెట్టుకునే నెపంతో ముందుగా డైరెక్టరు గారే తన పేజీని పైకెత్తారు. పక్కాయన దాన్ని కింద నుంచి చూశాడు. తరవాత అందరూ పేజీ నంబర్లు చూసుకున్నారు. వరసలో నిలబడ్డాం. పేజీలు చేతి నుంచి చేతికి ముందుకు జరిగాయి. బకెట్లో ఉన్నదాన్ని కూడా, ఇది నా పేజీ అని ప్లానింగ్ అధికారి సంతకం పెట్టి విడిపించుకొచ్చారు.

మేమంతా ఒక సీట్లో కూర్చున్నాం. దిగాం. మళ్ళీ ఎక్కి ఇంకో సీట్లో కూర్చున్నాం. నిద్రపోయిన కుర్రాడు నిజంగానే స్టాపు దాటిపోయాడు. దాటిపోబట్టే వెనక సీటు పిల్లతో మాట్లాడాడు. మెట్ల మీద వాదించుకున్న ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. మా ముసలాయన దొంగ కాదు. క్యారేజీని చేత్తో ముందు సీటు కిందికి నెట్టాడంతే. అక్కణ్ణుంచి ఇంకొకరు కాలితో నెట్టారు. ప్రతి స్టాపులో ఎవరో ఒకరు. ఎందుకో తెలియదు. నలభై ఏడో పేజీలో అది డ్రైవరు సీటు వెనక్కి వచ్చి ఆగింది. బస్సంతా ఖాళీ అయింది. ఎవరిదో చెయ్యి పిడిని పట్టుకుంది. మణికట్టు దాకా కనిపిస్తుంది. మనిషి కనిపించడు.

తరవాతి పేజీ ఎవరి దగ్గరుందని పదిమంది ఒకేసారి అడిగారు. కాశీలో ఉందన్నాను.

*

మార్చి మూడో వారంలో సమగ్ర అవగాహన సమావేశం పెట్టారు. దానికి గుల్నార్‌నీ పైడిరాజునీ పిలిచారు. హాల్లో అందరం పేజీల వరసలో కూర్చున్నాం. ఒక్కొక్కరూ లేచి, నా పేజీ వరకు అర్థమైంది అని చెప్పి కూర్చున్నారు. నలభై ఏడు సార్లు ఆ మాట వినిపించింది. పైడిరాజు మొదట్లో నవ్వాడు. తరవాత నవ్వలేదు.

ఆఖరి పేజీ కోసం కాశీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. అటువైపు గంటలు మోగుతున్నాయి.

"కామేశం గారూ, మీ పేజీలో ఏముందండీ?" అన్నారు డైరెక్టరు గారు. ఆ గొంతులో డైరెక్టరు లేడు.

"అర్థమైంది సార్."

"ఏం అర్థమైంది?"

"అర్థమైందని రాసిచ్చాను కదా సార్. ఏం అర్థమైందో రాయమని నమూనాలో లేదు." కాస్త ఆగి, "అయినా ఫోన్లో చెప్పకూడదండీ. సర్క్యులర్ ఉంది," అన్నారు.

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. గుల్నార్ లేచింది. స్కూటర్ స్టాండు దగ్గర మేం పేజీలు పంచుకోవడం ఆమె చూడలేదు, ఎస్సై గారి కుక్క ఆమెకు చెప్పలేదు. కానీ ఆ నిట్టూర్పు విన్నది. అంతమంది ఒకేసారి నిట్టూర్చాలంటే ముందు పేజీలు చదివి ఉండాలి.

"నేను చెప్తాను సార్," అంది. "నేనే కదా వేశాను."

మీకు ఈ పుస్తకం అర్థమైనట్టు ధ్రువపత్రం ఏదైనా ఉందా అని ఆడిట్ అధికారి అడిగారు. ఆమె లేదంది. అయితే కూర్చోమన్నారు.

ఆమె కూర్చోలేదు. ఆడిట్ అధికారి తన అభ్యంతరం చదివారు. నలభై ఎనిమిది ధ్రువపత్రాలూ సక్రమమే. పేజీలన్నీ అర్థమయ్యాయి. కానీ పుస్తకం మొత్తంగా ఏ ఒక్క అధికారికీ అర్థమైనట్టు ఎక్కడా రుజువు లేదు. కాబట్టి దీన్ని పుస్తకంగా విడుదల చేయడానికి వీల్లేదు. అలాగని మిల్లుకి పంపడానికీ వీల్లేదు, పేజీలు అర్థమయ్యాయి గనక.

"అయితే ఒక్క మాట," అంది గుల్నార్. హాలు వైపు తిరిగింది. "మీలో ఒక్కరైనా మొత్తం చదివారా? ఆఖరి పేజీ వదిలేయండి. మిగతాది. ఒక్కరు చెయ్యెత్తితే చాలు."

హైమవతి గారు తన గాజులు చూసుకున్నారు. ప్లానింగ్ అధికారి ఆకాశం వైపు చూశారు, అక్కడ పైకప్పు ఉంది. డైరెక్టరు గారి చెయ్యి బల్ల మీద నుంచి కొంచెం లేచింది. నేను చూశాను. నీళ్ళ గ్లాసు అందుకుని తాగి, మళ్ళీ బల్ల మీదే ఉండిపోయింది.

నా చేతిలో పేజీ ఉంది. పేజీ పట్టుకున్న చేతిని ఎలా ఎత్తుతాం.

పైడిరాజు ఆమె చున్నీ అంచు పట్టుకుని మెల్లగా లాగాడు. "కూకోవే. వీళ్ళందరూ ఫుట్‌బోర్డు మీదే నిలబడిపోనారు," అన్నాడు. అందరికీ వినిపించేలాగే అన్నాడు.

*

మార్చి ముగిసేలోగా పైనుంచి పరిష్కారం వచ్చింది. దాని కంటే చక్కని పరిష్కారం నా సర్వీసులో చూడలేదు. అర్థమైంది పేజీల వారీగా కాబట్టి విడుదల కూడా పేజీల వారీగానే జరగాలి. రాష్ట్రంలో నలభై ఎనిమిది ఊళ్ళ గ్రంథాలయాలకి, ఒక్కో ఊరికి ఒక్కో పేజీ. వెయ్యి కాపీలూ కోయాలి. ఒక్కో గ్రంథాలయంలో ఒకే పేజీ వెయ్యి ప్రతులుగా ఉంటుంది. ఒక పేజీ ఉన్న ఊళ్ళోకి మరో పేజీ రాకూడదు.

సీలు తీసి కోత మొదలుపెట్టాం. మూడు రోజులు మిషను ఆగలేదు. కేటాయించని పేజీ ఎవరి కంటా పడకుండా విజిలెన్సువాళ్ళు పక్కనే నిలబడ్డారు. గుల్నార్, పైడిరాజు గోడౌన్ గుమ్మంలో నిలబడి చూశారు. ఏ పేజీ ఏ ఊరికని ఆమె అడిగింది. దక్షిణాన తడ దగ్గర మొదలుపెట్టి, రోడ్డు వెంబడి ఉత్తరానికి ఇచ్ఛాపురం దాకా అని చెప్పాను. ఊళ్ళ జాబితా బస్సు రూటు చూసి తయారుచేశాం, పార్శిళ్ళు పంపడానికి సులువని.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పైడిరాజు ముందు నవ్వాడు. ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. గోడౌన్లో అంత దుమ్ములో, వాళ్ళ పుస్తకం కోతకి గురవుతుంటే, అంత నవ్వెందుకో నాకు బోధపడలేదు.

మే నెలలో బోధపడింది. బస్సుల్లో సీట్లు దొరకడం లేదని పేపర్లలో రాశారు. సెలవులకి పిల్లల్ని తీసుకుని జనం ఏ పనీ లేకుండా ఊరూరూ దిగుతున్నారు. దిగి గ్రంథాలయానికి వెళ్తున్నారు. పేజీ చూసి, పరుగున వచ్చి తరువాతి బస్సు ఎక్కుతున్నారు. సీట్లో కూర్చుని, మా వాడింకా దిగలేదని, పసుపు చీరావిడ ఏమైందని ఎదురు సీటువాళ్ళని అడుగుతున్నారు. ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళు ఇంకో సీటు కోసమని మళ్ళీ మొదటి ఊరి నుంచి బయల్దేరుతున్నారు. బస్సుల రాబడి పెరగడానికి కారణాలు పరిశీలించేందుకు ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ సభ్యులు కూడా ప్రస్తుతం పర్యటనలో ఉన్నారు.

*

నేను ఒకరోజు సెలవు పెట్టాను. కారణం దగ్గర 'స్వంత పని' అని రాశాను.

విశాఖపట్నం బస్సు కాంప్లెక్స్‌లో ఇచ్ఛాపురం బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీట్లో ఎవరో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నారు. పేపరు తలకిందులుగా ఉంది. పక్కన కూర్చున్నాను. పేపరు మెల్లగా కిందికి దిగింది.

"మెడికల్ లీవు," అన్నారు డైరెక్టరు గారు.

"ఒంట్లో ఎలా ఉంది సార్?"

"ఫర్వాలేదు."

వెనక సీట్లో హైమవతి గారు కొంగు తల మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగి ఉన్నారు. ఇద్దరు డిప్యూటీ డైరెక్టర్లు ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. ప్లానింగ్ అధికారి ఎక్కగానే తన సీటు కింద వంగి చూసుకుని, ఏమీ లేదని తేల్చుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ పలకరించలేదు. సెలవులో ఉన్నవాడు ఆఫీసువాణ్ణి గుర్తుపట్టడం పద్ధతి కాదు.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"ఆఖరి పేజీ," అనేశాను.

అతను నా ముఖం కూడా చూడలేదు. ఇచ్ఛాపురం టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. పొద్దుటి నుంచీ అదే మాట వింటున్నాడు కాబోలు.

ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని ఒకమ్మాయి మా అందర్నీ చూసి చూసి ఏదో గీస్తోంది. గుల్నార్. పక్కనే పైడిరాజు పల్లీలు తింటున్నాడు. నరసన్నపేట దాటాక ఆమె నన్ను చూసి, తల కొంచెం ఇటు తిప్పమని సైగ చేసింది. తిప్పాను. రేపు ఆ పుస్తకం కూడా మా శాఖకే రావాలి. నేనున్న పేజీ నాకు కేటాయించకూడదు. నియమానికి విరుద్ధం.

ఇచ్ఛాపురంలో గ్రంథాలయం బయట వరస ఉంది. అందులో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి అందరం ఒకే బల్ల చుట్టూ చేరాం. పేజీ డైరెక్టరు గారి ముందుకు జరిపాను.

బస్సు ఆగి ఉంది. ఎండ తగ్గింది. ఫుట్‌బోర్డు మీద డ్రైవరు కూర్చున్నాడు, పక్కన కండక్టరు. క్యారేజీ విప్పి ఉంది. కండక్టరు ఒక గిన్నె తీసుకున్నాడు. డ్రైవరు ఒక గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ముద్ద చేత్తో పట్టుకుని, వచ్చిన దారి వైపు చూస్తున్నాడు. చాలా దూరంలో, వేలిగోరంత, పసుపు చీర.

ఎవరూ మర్చిపోలేదు. ఎవరూ దొంగిలించలేదు. ఆవిడ తన మొగుడికి, ఆ డ్రైవరుకి, అన్నం పంపింది. చెయ్యి ఊపింది అందుకే. బస్సులో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. తెలుసు కాబట్టే ఒకరి తరవాత ఒకరు ముందుకు జరిపారు.

మూడో గిన్నె ఎవరూ ముట్టుకోలేదు. అది పేజీ అంచున, చెంచా వేసి, మా వైపు తిప్పి పెట్టి ఉంది.

హైమవతి గారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటే చూడనట్టు అందరం గోడ మీది గడియారం వైపు చూశాం. వెనక వరసలో ఎవరో గొణిగారు, చూసినవాళ్ళు జరగండి అని.

వల్లభరావు గారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. అలవాటు ప్రకారం జేబులోంచి పెన్ను తీశారు.

"పరాంకుశం గారూ, ఇది అర్థమైందని రాయాలంటారా?"

"సెలవులో ఉన్నాం సార్," అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టేశారు.